సాధన ఆగినప్పుడు మనసు నిలవాలంటే: పూర్తి విరామమా, ప్రత్యామ్నాయ సాధనా?

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరు ఇచ్చినవారిలో చాలామంది ఏప్రిల్, మే నెలల ఎండల్లోనే తెల్లవారకముందే లేచి పరుగు మొదలుపెడతారు. తీరా కాళ్ళు కుదురుకుని, ఇక హాఫ్ మారథాన్‌లోని 21 కిలోమీటర్లూ అందినట్టే అనిపించే జూలైలో వానలు ముదురుతాయి, దోమలు పెరుగుతాయి, ఇంటికొకరు జ్వరంతో మంచం పడతారు. జ్వరాన్ని తప్పించుకున్నవారిలో కొందరికి, దూరం మరీ తొందరగా పెంచిన పాపానికి, మోకాలి కింద ముందువైపు ఎముకలో నొప్పి మొదలై అది స్ట్రెస్ ఫ్రాక్చర్‌గా, అంటే సన్నని పగులుగా తేలుతుంది. రెండింటిలో ఏది వచ్చినా సాధన ఆగక తప్పదు. సాధన ఆగడం కన్నా, ఆగిపోయిందే అన్న దిగులు మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది.

అప్పుడు చుట్టుపక్కల నుంచి వినిపించే సలహాలు రెండే. అన్నీ పక్కన పెట్టి పడుకో, ఒళ్ళు బాగుపడ్డాక చూద్దువుగాని అనేది ఒకటి. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేవు, చేతనైనదేదో చేస్తూనే ఉండు అనేది రెండోది. వీటిలో ఏది మేలని అడిగితే, జబ్బుకు మొదటిది, గాయానికి రెండోది అని నా జవాబు. మనలో చాలామంది చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. జ్వరం వస్తే, చెమట పడితే అదే దిగుతుందంటూ బూట్లు తొడుక్కుంటారు. చీలమండ బెణికితే నెల రోజులు మంచం దిగరు. ఈ రెండు తప్పులూ చేసినవాణ్ణి కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

దిగులుకు మూలం నష్టభయం కాబట్టి ముందుగా ఆ నష్టం ఎంతో చూడాలి. అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ఏళ్ళ తరబడి కఠినంగా సాధన చేసిన ఏడుగురు 84 రోజుల పాటు సాధన మానేశారు. శరీరం ఆక్సిజన్‌ను వినియోగించుకోగల గరిష్ఠ సామర్థ్యం, అంటే పరుగువీరుల నోట నిత్యం నలిగే వీఓటూ మ్యాక్స్, మొదటి 21 రోజుల్లో వారికి 7 శాతం తగ్గింది. 56 రోజుల నాటికి 16 శాతం తగ్గి, ఆపైన అక్కడే నిలిచింది. తొలి రోజుల నష్టంలో పెద్ద వాటా రక్త పరిమాణం తగ్గడానిదే, అది సాధన తిరిగి మొదలైతే త్వరగానే పూడుకుంటుంది. ఆ ఏడుగురూ ఆరోగ్యంగా తిరుగుతూ మానినవారు, జ్వరంతో పడుకున్నవారికి నష్టం మరికొంత ఎక్కువగా ఉంటుంది. అయినా పది రోజుల విరామంతో మూడు నెలల కష్టం నీటిపాలైందని ఏడవడానికి ఆధారమేమీ లేదు.

ఇక జబ్బు సంగతి. ముక్కు కారడం, తుమ్ములు వంటి మెడకు పైన ఉండే లక్షణాలకే పరిమితమైన జలుబులో తేలికపాటి నడక పరవాలేదని, జ్వరం, ఒళ్ళునొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే వ్యాయామం పూర్తిగా ఆపాలని క్రీడావైద్యులు చెప్పే సూత్రం ఒకటుంది. వైరల్ జ్వరంలో గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం అరుదైనదే గాని, ఆ స్థితిలో బలవంతంగా పరిగెత్తడం ప్రాణాల మీదికి తేవచ్చు. డెంగీ మరింత మోసకారి: జ్వరం దిగిందని మనం సంబరపడే ఆ ఒకటి రెండు రోజులే చాలాసార్లు అసలు ప్రమాద సమయం, పైగా ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నప్పుడు కింద పడితే రక్తస్రావం భయం ఉంటుంది. ఆ తర్వాత కూడా నీరసం వారాల తరబడి వెంటాడుతుంది. లంఖణం పరమౌషధం అని పెద్దలు తిండి గురించి అన్నారు. తిండి విషయంలో దాన్ని డెంగీ రోగికి వర్తింపజేయకండి, నీళ్ళు, ద్రవాలు అతనికి ఎంతో అవసరం. జ్వరంలో పరుగుకు మాత్రం ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది.

అయితే జబ్బులో మనసును దెబ్బతీసేది సగం విరామం. ఒళ్ళు పడక మీద, బుద్ధి వాచీ మీద ఉంటే అది విశ్రాంతి కాదు. జ్వరంలో గుండె వేగం పెరగడం సహజం. చేతి వాచీ దాన్ని చూసి ఫిట్‌నెస్ పడిపోయిందని ప్రకటిస్తే, ఆ అంకెను గంటకోసారి చూసుకుని కుమిలిపోవడం నేను స్వయంగా ఎరిగిన రోగం. వాచీని సొరుగులో పెట్టడం ఇక్కడ మొదటి చికిత్స. పూర్తి విరామంలో ఉన్న నిజమైన లోపం వేరే ఉంది: అది ఎప్పుడు ముగుస్తుందో తెలియదు, తెలియనిదే మనసుకు భారం. అందుకే ముగింపు గుర్తులను ముందే రాసి పెట్టుకోవాలి. మాత్ర వేసుకోకుండానే జ్వరం రాకుండా కొన్ని రోజులు గడవడం, ఆకలి పుట్టడం, రెండంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కగలగడం, డెంగీ అయితే రక్తపరీక్ష చూసి వైద్యుడు సరేననడం: ఇవన్నీ కుదిరిన రోజు నడకతో మొదలుపెట్టాలి, పాత వేగంతో కాదు.

గాయం కథ ఇందుకు భిన్నం. కాలి ఎముకలో సన్నని పగులు మానడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కాని ఊపిరితిత్తులకు, చేతులకు, రెండో కాలికి ఏ లోటూ లేదు. అంత శక్తి ఉన్న మనిషిని రెండు నెలలు పడుకోబెడితే అతడి దిగులు గాయాన్ని మించిపోతుంది. క్రమం తప్పక వ్యాయామం చేసేవారు ఉన్నట్టుండి మానేస్తే రెండు వారాల లోపే చిరాకు, నిద్రలేమి తలెత్తడం పరిశోధకులు ఎరిగిన విషయమే, దాన్ని మనోదౌర్బల్యంగా భావించి సిగ్గుపడనక్కర్లేదు. ప్రత్యామ్నాయ సాధన బలం ఇక్కడే కనిపిస్తుంది. వైద్యుడో ఫిజియోనో అనుమతిస్తే లోతైన నీళ్ళలో పరుగు, ఆ తర్వాత స్థిర సైకిలు, మొదటి రోజు నుంచే చేతులకు, నడుముకు బరువులు. ఈతకొలను అందుబాటులో లేని ఊళ్ళో కుర్చీ, రబ్బరు పట్టీ, నీళ్ళు నింపిన సీసాలు చాలు.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి, బాగున్న కాలికి ఇచ్చే బలసాధన కట్టులో ఉన్న కాలికి కూడా కొంత మేలు చేస్తుందన్నది. ఒక చేతికి ఇచ్చిన సాధన రెండో చేతి బలాన్నీ పెంచుతుందని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 1894లోనే గమనించారు. నాడీవ్యవస్థ నేర్చుకున్నది ఒక వైపుకే పరిమితం కాకపోవడం దీనికి కారణం. చేయడానికి పని ఉందన్న ధీమా అలా శరీరానికీ కొంత కలిసివస్తుంది. పాత పరుగు వేళను వదలకపోవడం మరో మేలు: ఐదున్నరకు మోగే అలారం ఐదున్నరకే మోగనివ్వండి, ఆ గంటలో చేసే పని మాత్రమే మారుతుంది.

దీని ప్రమాదం కూడా చెప్పాలి. మానడం చేతకానివాడు ప్రత్యామ్నాయాన్ని కూడా పోటీగా మార్చుకుని, నొప్పిని లెక్కచేయక మళ్ళీ మొదటికి వస్తాడు. మోకాలి లోపలి ఏసీఎల్ స్నాయువుకు శస్త్రచికిత్స అయినవారి విషయంలో ఇది మరీ తీవ్రం. తొమ్మిది నెలలు నిండకముందే ఆటలోకి దిగినవారికి మోకాలు తిరిగి దెబ్బతినే ముప్పు బాగా ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఆ గాయం నుంచి ఆటకు తిరిగివచ్చేవారి మానసిక సంసిద్ధతను కొలవడానికి ప్రత్యేక ప్రశ్నావళి కూడా ఉందంటే, మోకాలు సిద్ధమైన రోజే మనసు కూడా సిద్ధమవుతుందన్న హామీ ఏమీ లేదని అర్థం.

పీవీ సింధు ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల స్వర్ణం గెలిచిన ఆమె, అక్కడే ఎడమ కాలికి అయిన స్ట్రెస్ ఫ్రాక్చర్ వల్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమయ్యారు. 2023 జనవరిలో మలేసియా ఓపెన్‌తో తిరిగివచ్చి మొదటి రౌండ్‌లోనే కరోలినా మారిన్ చేతిలో ఓడారు. మళ్ళీ ఒక టైటిల్ అందుకున్నది 2024 డిసెంబరులో, లక్నోలో జరిగిన సయ్యద్ మోదీ టోర్నీలో. మైదానానికి తిరిగిరావడానికి ఐదు నెలలు, విజయానికి తిరిగిరావడానికి రెండేళ్ళకు పైగా పట్టిందన్నమాట. మొదటి గడువునే రెండోది అనుకునేవారు తిరిగివచ్చిన తొలి నెలలోనే కుప్పకూలుతారు. పుల్లెల గోపీచంద్ 1994లో మోకాలికి తీవ్రగాయమై, శస్త్రచికిత్సల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన సంగతి తెలిసిందే, కాని మనం ఆ రెండు తేదీలనే చెప్పుకుంటాం, నడుమ గడిచిన ఏడేళ్ళ ఊసెత్తం.

అందుచేత లక్ష్యాన్ని తేదీకి కట్టడమా, మెట్టుకు కట్టడమా అంటే మెట్టుకే నా ఓటు. ఆగస్టు పోటీకి అందుకోవాలన్న లక్ష్యం ప్రతి ఉదయం ఒక రోజును తగ్గించి చూపిస్తుంది. నొప్పి లేకుండా అరగంట నడవాలి, ఒంటికాలి మీద అర నిమిషం నిలవాలి అనే లక్ష్యం చేసిన పనిని చూపిస్తుంది. పోటీ రుసుము పోతుందేమో, పోనివ్వండి.

పరుగు బృందం వాట్సాప్ గ్రూపులో ఉండాలా, బయటికి రావాలా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గాని మనసుకు పెద్దదే. జ్వరంలో ఉన్నవారు దాన్ని మ్యూట్ చేయడం మంచిది, ఎవరెంత దూరం పరిగెత్తారో అప్పుడు తెలుసుకుని ప్రయోజనం లేదు. గాయపడినవారు మాత్రం బయటికి రాకూడదు. ఆదివారం ఉదయం నెక్లెస్ రోడ్డులో నీళ్ళ బల్ల దగ్గర కుర్చీ వేసుకుని గ్లాసులు అందించే పని దొరికితే ఒప్పుకోవాలి, మొదటి వారం అసూయ కలుగుతుంది, తర్వాత తగ్గుతుంది. రెండు వారాలు దాటినా దిగులు వదలక, నిద్ర, ఆకలి దెబ్బతింటే మాత్రం ఈ ఉపాయాలతో సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి కలవాలి; కేంద్రప్రభుత్వ టెలీ మానస్ సహాయవాణి 14416కు తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

రెండు దారులూ కలిసిపోయే సందర్భాలు కూడా ఉన్నాయి. చికున్‌గున్యాలో జ్వరం వారంలో పోతుంది, కీళ్ళనొప్పులు నెలలు ఉండిపోవచ్చు. అంటే జబ్బుగా మొదలై గాయంలా కొనసాగుతుంది. జ్వరం ఉన్నన్నాళ్ళు పూర్తి విరామం, తర్వాత నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు ప్రత్యామ్నాయం అక్కడ సరైన వరుస. కాలి పగులుతో ఉన్నవారికి డెంగీ వస్తే, బరువులు, సైకిలు అన్నీ ఆపి ముందు జ్వరం మాటే వినాలి. ఆ పది రోజులు మనమేమీ చేయకపోయినా ఎముక తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.