బెజవాడ ఎండలు, ఇంటి నిండా చుట్టాలు, ఒక టేబుల్ టాప్ గ్రైండర్

ఇద్దరే ఉండే ఇంటికి వెట్ గ్రైండర్ దండగ. మిక్సీ చాలు, ఓపిక లేని రోజు ప్యాకెట్ పిండి ఉండనే ఉంది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసేదంతా మెచ్చుకోలులాగే ఉంటుంది. అది చదివి ఎవరూ తొందరపడి కొనేయకూడదు. మాకు అది పనికొచ్చిందంటే మేముండేది బెజవాడలో, అదీ స్టేషన్‌కి ఆటో దూరంలో కాబట్టి.

జంక్షన్‌లో ఇల్లున్నవాళ్ళు వేసవి సెలవుల్లో ఎవరినీ పిలవక్కర్లేదు. మద్రాసు వెళ్ళేవాళ్ళు, విశాఖ వెళ్ళేవాళ్ళు, హైదరాబాదు నుంచి గుడివాడ, భీమవరం వైపు పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళు అందరికీ దారి ఇదే. "ఎలాగూ బెజవాడ మీదుగానే కదా, ఓ పూట వదిన వాళ్ళింట్లో ఉండి వెళ్దాం" అనుకుని దిగుతారు. ఆ పూట కాస్తా రెండు రోజులవుతుంది. కొండ మీద అమ్మవారి దర్శనం, సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద గాలి, పిల్లలుంటే ఉండవల్లి గుహలు. ఎండ నలభై దాటాక పగలు ఎవరూ గడప దాటరు కాబట్టి మిగతా టైమంతా మా హాల్లో కూలర్ ముందే. ఈ ఏడు మా ఆడపడుచు కుటుంబం హైదరాబాదు నుంచి వచ్చింది. వాళ్ళు ఉండగానే మా పిన్ని కొడుకు బెంగళూరు నుంచి పెళ్ళాం పిల్లలతో దిగాడు. వాళ్ళు వెళ్ళీ వెళ్ళకముందే డల్లాస్ నుంచి మా మేనల్లుడు, వాడి భార్య, దోశ తప్ప ఇంకోటి ముట్టని వాళ్ళ ఇద్దరు పిల్లలు గన్నవరంలో విమానం దిగారు. మధ్యలో మా ఆయన పాత కొలీగు ఒకాయన, వాళ్ళావిడ. ఇంట్లో పర్మనెంటుగా నేను, మా ఆయన, మా అత్తగారు.

వంటలో నాకు కూరలు, పప్పుల టెన్షన్ ఎప్పుడూ లేదు. పది మందికి పప్పుచారు పెట్టడం, నలుగురికి పెట్టడం ఒకటే. టెన్షనంతా పొద్దున్న టిఫిన్ దగ్గరే. మిక్సీలో ఒక గ్లాసు మినపగుళ్ళు రుబ్బాలంటే రెండు వాయిలు. పన్నెండు మందికి ఎన్ని వాయిలో లెక్క వేసుకోండి. మూడో వాయికి మిక్సీ జార్ ముట్టుకుంటే వేడి, లోపల పిండి అంతకన్నా వేడి. మే నెలలో అలాంటి పిండి పొంగడం కంటే ముందు పులుస్తుంది. "పప్పు ఉడికిపోయిందే, ఇంక ఇడ్లీలు రాళ్ళే" అని మా అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే తీర్పు చెప్పేస్తారు. ఆవిడ తీర్పు మీద అప్పీలు లేదు.

అందుకే ఏప్రిల్‌లోనే గవర్నర్‌పేటలో ఒక షాపులో రెండు లీటర్ల టేబుల్ టాప్ తీసుకున్నాం. కోయంబత్తూరు తయారీ. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే కొనే ముందు నాలుగైదు విప్పించి చూశాను, లోపల సరుకంతా దాదాపు ఒకటే. స్టీలు డ్రమ్ము, అడుగున నల్లరాయి, దాని మీద తిరిగే రెండు రాళ్ళు, అంచుకి అంటిన పిండిని లోపలికి తోసే ఒక ప్లాస్టిక్ బ్లేడు, పైన మూత. వంచే రకం, అదే టిల్టింగ్ మోడల్ కూడా చూపించాడు. పిండి తీయడం దాంట్లో సుఖమే గానీ నాకు చూపించిన దాంట్లో డ్రమ్ము ఊడి రాదు, కడగాలంటే మిషన్ మొత్తాన్ని సింకు దగ్గరికి మోసుకెళ్ళాలి. మాది డ్రమ్ము ఊడే రకం. కాకపోతే రాయి, పిండి కలిపి ఆ డ్రమ్ము బరువు మామూలుగా ఉండదు. నా మణికట్టు అంతకుముందే నొప్పి. ఇంట్లో చుట్టాలున్నన్నాళ్ళు ఆ పని మగపిల్లలకి అప్పగించాను. మా మేనల్లుడు అయితే రోజూ రాత్రి "అత్తా, డ్రమ్ము దించాలా?" అని అడిగి మరీ దించేవాడు. అమెరికాలో జిమ్ముకి డబ్బులు కడతాడట.

మొదటిసారి వాడేటప్పుడు రెండు గుప్పిళ్ళ నానిన బియ్యం వేసి తిప్పి ఆ పిండి పారబోయాలి. బూడిద రంగులో వస్తుంది, రాతిపొడి అది. నేను రెండుసార్లు చేశాను, రెండోసారి తెల్లగా వచ్చింది. ఈ సంగతి షాపువాడు చెప్పలేదు, అట్ట పెట్టెలోని కాగితంలో ఉంది.

ఇక పిండి సంగతి. మన ఇడ్లీకి గ్రైండర్‌లో పడేది పప్పొక్కటే, రవ్వ కడిగి పిండి కలపడమే కాబట్టి సగం పని ముందే తక్కువ. వేసవిలో మినపగుళ్ళు మూడు గంటలకంటే నానబెట్టను, మధ్యలో ఒకసారి నీళ్ళు మారుస్తాను. డ్రమ్ములో మొదట అర గ్లాసు చల్లటి నీళ్ళు పోసి, తిప్పుతూ పప్పు గుప్పెడు గుప్పెడుగా వేయాలి. ఒకేసారి కుమ్మరిస్తే రాళ్ళు ఎక్కి కూర్చుంటాయి, తిరగవు. పది నిమిషాలకు బరకగా ఉంటుంది. ఇరవైకి మెత్తబడుతుంది గానీ రంగులో ఇంకా పసుపు చాయ పోదు. అక్కడ ఆపేయాలనిపిస్తుంది, ఆపకండి. మధ్య మధ్య ఐస్ నీళ్ళు చిలకరిస్తూ ఇంకో పది నిమిషాలు వదిలేస్తే పిండి తెల్లబడి, పైకి లేచి, రాయి తిరిగినప్పుడల్లా మడతలు మడతలుగా జారుతుంది. వేలితో తీసి నీళ్ళ గిన్నెలో వేస్తే తేలాలి. మా అత్తగారు ఆ పరీక్ష ఆవిడే చేస్తారు, ఇంకెవరూ చేయకూడదు.

ఇలా రుబ్బిన పిండికి రవ్వ ఎక్కువ పడుతుంది. మిక్సీలో గ్లాసుకి రెండు గ్లాసుల రవ్వ వేస్తే సరిపోయేది. ఇప్పుడు రెండున్నర, ఒక్కోసారి మూడు వేసినా ఇడ్లీ దూదిలా ఉంది. రెండు గ్లాసుల పప్పుతో డ్రమ్ము నిండుతుంది, ఇడ్లీలు యాభై పైనే వస్తాయి. అంటే ఒక్క వాయితో ఇల్లంతా టిఫిన్ అయిపోతుంది. రెండు లీటర్లని పేరేగానీ రెండు గ్లాసులు దాటితే మూత సందుల్లోంచి చిమ్ముతుంది, అది మాత్రం గుర్తుంచుకోండి.

చప్పుడు గురించి ఎవరూ రాయరు గానీ చుట్టాలున్న ఇంట్లో అదే పెద్ద విషయం. భోజనాలయ్యాక హాల్లో చాపల మీద వరసగా పడుకుంటారు. ఆ టైములో మిక్సీ వేస్తే చంటిపిల్లలు లేస్తారు, వాళ్ళ తల్లులు నా వంక చూస్తారు. గ్రైండర్‌ది గుర్రు లాంటి చప్పుడు, వంటింటి తలుపు వేస్తే హాల్లోకి వినపడదు. పైగా నేను నిలబడక్కర్లేదు. అది తిరుగుతుంటే పక్కన స్టూలు వేసుకుని మామిడికాయలు చెక్కు తీసుకున్నాను. కరెంటు బిల్లు అని మా ఆయన మొదట్లో నసిగారు. మాది నూట యాభై వాట్ల మోటారు, ఆరున్నర గంటలు తిరిగితే గానీ ఒక యూనిట్ కాలదు. ఆయన కూలర్ ఆపకుండా నిద్రపోతారు, ఆ లెక్క ఎప్పుడూ వేయలేదు.

అసలు పరీక్ష తెల్లవారుజామున. పినాకిని ఎక్స్‌ప్రెస్ మద్రాసుకి, రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ విశాఖకి, రెండూ పొద్దున్నే ఆరింటి ప్రాంతంలో ఇక్కణ్ణుంచే బయల్దేరతాయి. అవి ఎక్కే చుట్టాలు ఐదుంబావుకి ఆటో ఎక్కాలి, ఖాళీ చేతులతో పంపలేం. రాత్రి తొమ్మిదింటికి రుబ్బి బయట పెడితే, మే నెలలో నాలుగింటికల్లా గిన్నె అంచు దాకా వచ్చేసి ఉంటుంది. ఉప్పు అప్పుడే కలుపుతాను, రాత్రి కలిపితే మరీ పులుస్తోంది. రెండు వాయిల ఇడ్లీ దించి, వేడి మీదే నెయ్యి, కారప్పొడి పట్టించి, అరిటాకులో చుట్టి ఇస్తే ఒంగోలులో తిన్నా మెత్తగానే ఉన్నాయని మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. మిగిలిన పిండి వెంటనే ఫ్రిజ్‌లోకి.

ఫ్రిజ్‌లో పెట్టినా రెండో రోజు సాయంత్రానికి పులుపు తగులుతుంది. అదీ మంచిదే. ఇడ్లీ పిండి అయితే దళసరి మూకుడులో దిబ్బరొట్టె. మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తే అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, ఆ అడుగు ముక్క కోసం పెద్దవాళ్ళే కొట్టుకుంటారు. దోశపిండి అయితే కాస్త బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి పునుగులు. బయట కొనే పిండి ప్యాకెట్‌తో ఈ సౌకర్యం లేదు. ఎండలో షాపు నుంచి ఇంటికి వచ్చేలోపే అది పునుగుల దశకి చేరుకుంటుంది.

గారెల దగ్గర మాత్రం దీనికి పూర్తి మార్కులు వేయను. గారె పిండికి నీళ్ళు పడకూడదు, నీళ్ళు లేకపోతే ఈ రాళ్ళు పప్పుని చుట్టుకుని తిరగడం మానేస్తాయి. పక్కనే నిలబడి అట్లకాడతో తోస్తూ, చుక్క చుక్క చిలకరిస్తూ ఉండాలి. ఫలితం బాగుంటుంది, సుఖం లేదు. పెసరట్టుకి దీన్ని తీయనే తీయను, కొంచెం బరకగా ఉండాలి, మిక్సీయే మేలు. అల్లం, ఉల్లి, వెల్లుల్లి దీంట్లో వేశారా, ఆ వాసన రాయి వదలదు. పొడి సరుకు అసలు వేయకూడదు. ఆవకాయ రోజుల్లో "ఇంత పెద్ద మిషన్ ఉంది, ఆవపిండి దీంట్లో కొట్టెయ్" అని మా ఆడపడుచు సలహా. వదినగారికి దండం పెట్టి మిక్సీయే తీశాను. కొబ్బరి తురిమేది, చపాతీ పిండి కలిపేది అని రెండు సామాన్లు ఫ్రీగా ఇచ్చారు. తురిమే దానికి చేతులు తెగుతాయి, కలిపేది అర కిలో పిండికే మూలుగుతుంది. రెండూ అటక మీద ఉన్నాయి.

కడగడం విసుగు. రుబ్బడానికి మనం చేసేదేమీ లేదు గానీ కడగడానికి పావుగంట పడుతుంది. తిరిగే రాళ్ళ ఇరుసు సందులో పిండి ఇరుక్కుంటుంది, అది వదిలేస్తే మర్నాటికి ముక్కు మూసుకోవాలి. ఒక పాత టూత్‌బ్రష్ దానికే కేటాయించాను. సబ్బు వాడను, వేడినీళ్ళు పోసి రుద్ది ఎండలో ఆరబెట్టడమే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, మా మేడ మీద ఈ రోలు గంటలో ఎండింది, పగల్లేదు.

డల్లాస్ కోడలు వెళ్ళే ముందు "అత్తయ్యా, ఇది పట్టుకెళ్ళిపోనా?" అంది. మన రెండు వందల ముప్ఫై వోల్టుల మోటారు అక్కడి నూట ఇరవై మీద పనిచేయదని మా మేనల్లుడే చెప్పాడు. అక్కడి కరెంటుకి సరిపడే మోడళ్ళు ఇదే కోయంబత్తూరు కంపెనీలు విడిగా చేస్తాయి, అవే కొనుక్కోవాలి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే అవస్థ వద్దు.

ఒకే ఒక్క కోపం మిగిలింది. జనం నిండుగా ఉన్న వారంలోనే పిండి తోసే ప్లాస్టిక్ బ్లేడు విరిగింది. కొన్న షాపుకి ఫోన్ చేస్తే సర్వీసు సెంటర్‌కి చెప్పమన్నారు, సర్వీసు సెంటర్ "స్టాకు లేదు మేడమ్, వచ్చే వారం" అంది. ఆ వచ్చే వారం జూన్ దాకా రాలేదు. అన్నాళ్ళూ ఒకరు గరిటె పట్టుకుని అంచు గీకుతూ కూర్చున్నారు, ఎక్కువగా బెంగళూరు పిల్లలు, వాళ్ళకది ఆట. మేనల్లుడు విసుగెత్తి గాంధీనగర్‌లో ఒక మిక్సీ రిపేరు కొట్టు పట్టుకుంటే, ఆ కుర్రాడు వేరే కంపెనీ బ్లేడు కొంచెం అరగదీసి రెండు నిమిషాల్లో బిగించాడు. నూట ఇరవై రూపాయలు తీసుకున్నాడు. మీరు కొంటే ఆ బ్లేడు ఇంకోటి, పైమూత రబ్బరు ఇంకోటి అదే రోజు బేరంలో కలిపి అడగండి. కొనేటప్పుడు ఇస్తారు, తరవాత ఫోన్ ఎత్తరు.