కర్నూలు కోర్టు దగ్గర లాయర్ సారు కన్సల్టేషన్, మా అనుభవం

మాకు పనికొచ్చింది కాబట్టి రాస్తున్నా. నేనూ మావాడూ, ఇద్దరం మగాళ్లమే, ఆరేళ్లుగా జంటగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, జాయింట్ అకౌంట్ కోసం ఒక బ్యాంకుకి పోతే కౌంటర్లో ఆయన ఫారం చూసి "అన్నదమ్ములా?" అని అడిగి, కాదనగానే కుదరదని ఫారం వెనక్కి తోసేసినాడు, ఆ రోజు మావాడు అన్నం కూడా తినలే.

ఈ సారు ఫీజు 500, గంటసేపు వెయిటింగ్, మెట్లు బాగా నిటారు. కానీ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పినారు. 377 అనేది మాలాంటోళ్ల కలయికను నేరంగా చూస్తూ 1860లో బ్రిటిషోళ్లు పెట్టిన సెక్షన్, 2009లో ఢిల్లీ హైకోర్టు సడలిస్తే 2013లో సుప్రీంకోర్టు మళ్లీ తెచ్చింది, 2018 సెప్టెంబర్ 6న ఇష్టపడి కలిసుండే మేజర్లకు అది వర్తించదని తేల్చింది, అప్పటిదాకా ఏ పార్టీ ప్రభుత్వమూ చట్టం మార్చడానికి ముందుకు రాలే, ఓట్ల భయం అన్నారు. మాలాంటి జంటల పెళ్లికి గుర్తింపు అడిగిన 2023 కేసులో కేంద్రం ఇది పట్నాల్లో పైవర్గం ఆలోచన అని కోర్టుకు రాసిచ్చిందంట, వినగానే కడుపు మండింది నాకు, మా నాయన ఆదోని పక్కన పత్తి పండించే మనిషి! కోర్టేమో పెళ్లి సంగతి పార్లమెంటుదే అనేసింది.

చివర్లో 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ ఇచ్చిన వివరణ ప్రింట్ తీసి, మాలాంటోళ్ల జాయింట్ అకౌంటుకు, నామినీకి అడ్డు లేదన్న లైను కింద పెన్నుతో గీత గీసి ఇచ్చినారు. ఆ కాగితం పట్టుకుని పోతే పాస్‌బుక్ వచ్చింది, ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

సాయంత్రం ఐదు దాటినాక పోండి, పొద్దున కోర్టులో ఉంటారు.