విశాఖ తీరంలో చారల రాళ్లు: ఎక్కడ ఏరాలి, ఎవరి చేత సాన పట్టించాలి

అగేట్ల కోసం, అంటే పొరలు పొరలుగా చారలుండే పలుగు జాతి రాళ్ల కోసం విశాఖ వచ్చేవాళ్లు ఆ ఆశ రైల్లోనే వదిలేసి దిగడం మంచిది. ఇక్కడి తూర్పు కనుమల్లో ఉన్నది ఎక్కువగా ఖోండలైట్, చార్నొకైట్ అనే రూపాంతర శిలలు, మధ్యమధ్య పలుగురాయి. చారలకేం, కావలసినన్ని ఉంటాయి. కాకపోతే అవి భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ ఖనిజాలు పట్టెలుగా విడిపోయి వచ్చిన చారలు. లావా గడ్డకట్టినప్పుడు మిగిలిన బుడగల్లో సిలికా పొర మీద పొర పేరుకుంటే అగేట్ అవుతుంది. అలాంటి లావా రాయి మనకు దగ్గర్లో అంటే రాజమండ్రి వైపు ఉంది.

ఏరడానికి మా ఓటు మంగమారిపేటకే. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు సహజ శిలాతోరణం చుట్టూ బండలు బయటపడతాయి, వాటి సందుల్లో నునుపుదేరిన గులకరాళ్లు దొరుకుతాయి. ఆటు వేళ ముందే చూసుకుని వెళ్లాలి, లేకపోతే చూసేది నీళ్లనే. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజులు గడిచాక వెళ్తే ఇసుక కొట్టుకుపోయి గులక పైకి తేలి ఉంటుంది. తెన్నేటి పార్కు కింది ఒడ్డుకు ఆటోలో చేరుకోవచ్చు, కానీ నాచు పట్టిన బండల మీద కాలు జారుతుంది. యారాడ అందమైనదే. రాళ్ల కోసమైతే అంత దూరం ఘాట్ రోడ్డు ఎక్కి దిగనక్కర్లేదు, పైగా అక్కడ అలలు లోపలికి లాగేస్తాయి.

ఎర్రమట్టి దిబ్బల్లో మాత్రం దేన్నీ ముట్టుకోవద్దు, అది జాతీయ భూవారసత్వ స్థలం. బొర్రా గుహల్లోనూ అంతే. ఒడ్డున ఎక్కడైనా సరే విడిగా పడి ఉన్నవి నాలుగైదు చాలు, బండకు సుత్తి తగలకూడదు. నల్ల ఇసుకను సీసాలో నింపుకుని తేవద్దు. అందులో రేడియోధార్మికమైన థోరియం ఉండే మోనజైట్ ఖనిజం కలిసి ఉంటుంది.

రాయిని గుర్తుపట్టాలంటే తడిపి, పది రెట్లు పెంచే భూతద్దం కింద పెట్టండి. ఖోండలైట్ అయితే ఆవగింజంత ఎర్రటి గార్నెట్ గింజలు వరుసకట్టి, వాటి మధ్య సన్నటి తెల్ల పుల్లల్లా సిల్లిమనైట్ అనే ఖనిజం కనిపిస్తుంది. అగేట్‌లో విడి గింజలు కనబడవు. టార్చి వెనక నుంచి వేస్తే అంచుల్లో వెలుగు దిగుతుంది. చారలు కూడా ఉల్లిపాయ పొరల్లా వంపు తిరుగుతాయి. చాకు మొన గీత పెట్టగలిగితే అది పలుగు జాతి కాదు. నిమ్మరసం చుక్కకు నురగ వస్తే సున్నపురాయి జాతి. దుకాణాల్లో ‘సులేమాని’ (అగేట్) అని అమ్మే ముదురు నీలం, గులాబీ రాళ్లు చాలావరకు రంగు వేసినవే. అసిటోన్ దూదితో రుద్దితే కొన్నిటి రంగు అంటుకుంటుంది, అంటుకోనంత మాత్రాన అసలుదని కాదు.

ఇక సాన. చేతికి అందంగా కనిపించే ఖోండలైటే ఇక్కడ మోసం చేస్తుంది. అందులోని ఫెల్‌స్పార్ అనే ఖనిజం గాలికీ నీటికీ సుద్దగా మారిపోయి ఉంటుంది. గార్నెట్ గట్టిది కాబట్టి మెత్తని భాగం ముందు అరిగి, రాయి గుంతలు పడుతుంది. కోణార్క్ శిల్పాలు అరిగిపోవడానికి ఈ రాయి గుణం కూడా ఒక కారణం. గోరుతో గీకితే పొడి రాలే రాయిని అక్కడే వదిలేయండి. చార్నొకైట్, పలుగు పట్టెలున్న బిగువైన రాళ్లు మెరుపు తేలుతాయి.

గ్రానైట్ యార్డుల్లో అడిగితే కోసిపెట్టేవాళ్లు ఉంటారు. అయితే వాళ్ల బ్లేడు పలకలకు పనికొచ్చేది, కోడిగుడ్డంత రాయి నిలవదు, కోతలోనే మూడు నాలుగు మిల్లీమీటర్లు పొడైపోతుంది. పిడికిలి కంటే పెద్దదైతేనే ఇవ్వండి, అదీ ఒక్క ముఖం చదును చేయించడానికే. ఆ పనికి వాళ్ల డైమండ్ ప్యాడ్లను మించింది లేదు. నగల వీధుల్లో సాన పట్టేవాళ్లు ఉంగరం రాళ్లకే అలవాటుపడినవాళ్లు, చిన్న ముక్కైతే వాళ్ల దగ్గరకే వెళ్లాలి.

చేత్తో చేసుకునేవాళ్లకు పెయింట్ షాపుల్లో దొరికే వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) చాలు, గరుకు నుంచి నునుపుకు ఈ నంబర్ల వరుసలో: 120, 220, 400, 600, 1200, 2000. గాజు పలక మీద పేపరు పరిచి, ఎప్పుడూ నీళ్లతోనే రుద్దాలి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ తెస్తుంది. అసలు శ్రమంతా 120లోనే. అక్కడ వదిలేసిన గీత 2000 దగ్గర వెక్కిరిస్తుంది. పేపరు మార్చిన ప్రతిసారీ రాయినీ బకెట్‌నీ కడగాలి. చివర తడి తోలు మీద మెరుగు పెట్టే సీరియం ఆక్సైడ్ పొడి వేసి రుద్దాలి.

టంబ్లర్ (రాళ్లను డబ్బాలో దొర్లించి నునుపు చేసే యంత్రం) ఉంటే 1.5 కిలోల డబ్బాను మూడింట రెండు వంతులు రాళ్లతో నింపి, పై వరుస మునగకుండా నీళ్లు, నాలుగు పెద్ద చెంచాల 60/90 నంబరు కార్బొరండం (రాయిని అరగదీసే గరుకు పొడి) వేయాలి. అంచెకు సుమారు వారం పడుతుంది.

బస విషయంలో, రాళ్లు ఏరడమే పనైతే రుషికొండ వైపు గది మేలు, తెల్లవారుజామున ఆటుకు అందుకోవచ్చు. వారాంతాల్లో మాత్రం అద్దె పెరుగుతుంది. సాన పని కూడా ఉంటే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరి లాడ్జీలే నయం: భీమిలి బస్సులు, హార్డ్‌వేర్ కొట్లు రెండూ అందుబాటులో ఉంటాయి. గది తీసుకునే ముందు బాల్కనీ ఉందో లేదో చూడండి. రాతి బురదను స్నానాలగది తూములో పోస్తే అడుగున సిమెంటులా బిగుసుకుంటుంది. బకెట్‌లో ఒక రాత్రి నిలవనిచ్చి, పై నీళ్లు వంపేసి, మడ్డిని పాత గుడ్డలో ఆరబెట్టి చెత్తలో వేయాలి.