జూలో ఉద్యోగం: కీపరా, డాక్టరా, బయాలజిస్టా? ఏది మేలు?

జంతువులంటే ప్రాణమని, జూలో పనిచేయాలని ఉందని ఇంటర్ బైపీసీ పిల్లలు ఎవరైనా అంటే ఇంట్లో వినిపించే మాట ఒక్కటే: "అయితే వెటర్నరీ చదువు." సలహా మంచిదే గానీ అది సగమే. హైదరాబాద్ నెహ్రూ జూ అయినా, విశాఖ ఇందిరాగాంధీ జూ అయినా, తిరుపతి శ్రీవేంకటేశ్వర జూ అయినా జంతువు చుట్టూ కనీసం మూడు రకాల ఉద్యోగాలున్నాయి. వాటికి చదువు వేరు, జీతం వేరు, జంతువుతో చనువు మరీ వేరు.

2021 మే నెలలో నెహ్రూ జూలో ఎనిమిది ఆసియా సింహాలకు కోవిడ్ సోకినట్టు తేలిన సంగతి గుర్తుందా? ముక్కు కారడం, దగ్గు లాంటి మార్పులు ఎప్పుడూ ముందు కంటపడేది రోజూ తిండి పెట్టే కీపర్‌కే. సింహానికి మత్తిచ్చి ముక్కులోంచి నమూనా తీయడం డాక్టర్ పని. ఆ నమూనాను హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ల్యాబ్‌లో పరీక్షించి జబ్బేమిటో తేల్చింది శాస్త్రవేత్తలు. ఈ ముగ్గురిలో మీరు ఎవరవ్వాలనుకుంటున్నారన్నదే అసలు ప్రశ్న.

రోజంతా జంతువు పక్కనే ఉండాలనుకుంటే అది కీపర్ పని ఒక్కటే. పొద్దున్నే గడప దగ్గర క్రిములను చంపే పర్మాంగనేట్ నీళ్లలో చెప్పులు తడిపి, జంతువులు రాత్రి ఉండే నైట్ హౌస్‌లోకి వెళ్తాడు. తలలు లెక్కపెడతాడు. రాత్రి వేసిన మాంసంలో ఎంత మిగిలింది, పేడ గట్టిగా ఉందా జారుడుగా ఉందా, ఏ కాలు ఆనించకుండా నిలబడింది, అన్నీ చూసుకుంటాడు. జంతువును బయటి ఎన్‌క్లోజర్‌లోకి వదిలి, మధ్య తలుపు దించి, తాళం పడిందో లేదో మళ్లీ చూసుకున్నాకే లోపలికి వెళ్లి కడగడం మొదలుపెడతాడు. అడవి జంతువు నీరసాన్ని చివరిదాకా దాచుకుంటుంది. దాని మామూలు తీరు తెలిసినవాడికే తేడా తెలుస్తుంది. అందుకే జూలో మొదటి డాక్టర్ కీపరే అని నమ్ముతాను.

ఇంత విలువైన పనికి మన దగ్గర దక్కేది మాత్రం తక్కువ. చాలామంది కీపర్లు ఔట్‌సోర్సింగ్ మీదో, రోజుకూలీ మీదో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నారు. ప్రాణానికి ముప్పు కూడా నిజమే. 2023 అక్టోబరులో నెహ్రూ జూలోనే ఏనుగు దాడిలో ఒక సంరక్షకుడు చనిపోయాడు. కీపర్లకు పర్మినెంట్ ఉద్యోగం, బీమా, సరైన శిక్షణ ఇవ్వకుండా ఎన్ని కొత్త ఎన్‌క్లోజర్లు కట్టినా ఏం లాభం? ఇవన్నీ లేనంతకాలం, ఇంటి బాధ్యత మీదున్న పిల్లవాడికి ఈ దారి పట్టమని నేను చెప్పలేను.

డాక్టర్ దారిలో భద్రత ఉంది. వెటర్నరీ డిగ్రీ బీవీఎస్సీ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. అఖిల భారత కోటా 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకు చూస్తారు. అయితే ఒక మెలిక ఉంది. జూ డాక్టర్ పోస్టుకని నేరుగా నోటిఫికేషన్ పడటం అరుదు. ఎక్కువగా పశుసంవర్ధక శాఖ నుంచి డిప్యుటేషన్ మీద, అంటే కొంతకాలానికి, వస్తారు, గడువు తీరగానే మాతృశాఖకు వెళ్లిపోతారు. అంటే ముందు పల్లెలో గేదెలకూ మేకలకూ వైద్యం చేయడానికి ఇష్టపడాలి.

పనిలోనూ తేడా పెద్దదే. గేదెనైతే పట్టుకుని చూడొచ్చు. పులి బరువును కంటితో అంచనా కట్టి, కెటమిన్, జైలజిన్ అనే మత్తుమందుల మోతాదు లెక్కేసి, దూరం నుంచి డార్ట్ (మందు నింపిన సూది) కొట్టాలి. మత్తులో ఉన్నా పులి కళ్లు తెరిచే ఉంటాయి, కాబట్టి గుడ్డ కప్పాలి. ఊపిరి, ఒంటి వేడి చూస్తూనే ఉండాలి. నయం చేసిన మనిషిని చూసి జంతువు మురిసిపోతుందనుకోవద్దు. సూది పట్టుకొచ్చే మనిషంటే దానికి భయమే. చనిపోయిన ప్రతి జంతువుకూ పోస్టుమార్టం చేయాల్సిందీ డాక్టరే. ఇదంతా తట్టుకోగలరా లేదా ముందే ఆలోచించుకోండి.

బయాలజిస్టు పని ఓపికగా గమనించేవాళ్లకు. ఎమ్మెస్సీ జువాలజీ గానీ, వైల్డ్‌లైఫ్ సైన్స్ గానీ చదవాలి. ఏ మగదానితో ఏ ఆడదాన్ని జత కలపాలి, ఏది దేని పిల్ల, ఎన్‌క్లోజర్‌లో విసుగు పుట్టకుండా ఏం పెట్టాలి అన్నవి వీళ్లు చూస్తారు. మూషిక జింకల సంగతే చూడండి. కుందేలంత జంతువు, రాత్రిపూట తిరుగుతుంది, పిరికిది. 2010లో నెహ్రూ జూలో సీసీఎంబీ తోడ్పాటుతో వీటి సంతతి పెంచడం మొదలైంది. ఈనిన కొద్ది గంటల్లోనే ఇది మళ్లీ జత కడుతుంది. ఇలాంటి విషయం తెలియకపోతే మగదాన్ని ఎప్పుడు కలపాలో, ఎప్పుడు విడదీయాలో ఎలా తెలుస్తుంది? అక్కడ పుట్టి పెరిగినవాటిని తర్వాత నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. బోనులో పుట్టిన జీవిని అడవికి చేర్చడం కంటే గొప్ప పని జూలో ఇంకోటి ఉందనుకోను. ఇబ్బందల్లా పోస్టులు బహు తక్కువ, అవీ ఎక్కువగా కాంట్రాక్టువి.

జూను నడిపించే క్యూరేటర్ కుర్చీ వీటన్నిటికంటే పైది. మన జూలు అటవీ శాఖ కింద ఉంటాయి కాబట్టి అక్కడ కూర్చునేది ఆ శాఖ అధికారి, బదిలీలూ తప్పవు. చేపల మీద మక్కువ ఉన్నవాళ్లకు పెద్ద అక్వేరియంలు మన దేశంలో వేళ్ల మీద లెక్కించదగ్గవే. చేపల పెంపకం డిగ్రీ బీఎఫ్‌ఎస్సీ చదివితే ఆక్వా రంగంలోనైనా బతుకుతెరువు దొరుకుతుంది.

నన్నడిగితే, సీటు వస్తే వెటర్నరీకే నా ఓటు. జూ దొరక్కపోయినా ఉద్యోగం దొరుకుతుంది, పైగా ఆ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షా రాయొచ్చు. జువాలజీ డిగ్రీకీ ఆ వీలుంది. సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్ అంటూ ఏళ్లు పోగొట్టుకోకుండా జువాలజీలో చేరి, పీహెచ్‌డీ దాకా వెళ్లే ఉద్దేశంతో చదవండి. డిగ్రీలో ఉండగానే దగ్గర్లోని జూకి వెళ్లి వాలంటీర్‌గా అవకాశం ఉందేమో అడగండి. దొరికితే తిండి పెట్టే వేళకు కాదు, కడిగే వేళకు వెళ్లండి.