యిడ్డిష్ మేలా, హీబ్రూ మేలా?

యూరప్ యూదులు ఇళ్ళల్లో మాట్లాడుకున్న యిడ్డిష్ భాషని నేను నేర్చుకుంటున్నానని చెప్పిన ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "యూదుల భాష హీబ్రూ కదండీ, మధ్యలో ఈ యిడ్డిష్ ఎందుకు?" అడిగేవాళ్ళలో సగం మంది బైబిల్ శ్రద్ధగా చదివేవాళ్ళు, పాత నిబంధనను మూలంలో చదవాలనే కోరిక ఉన్నవాళ్ళు. మిగతావాళ్ళు నాలాగే న్యూజెర్సీ, న్యూయార్క్ వైపు ఉద్యోగాలు చేసుకుంటూ, ఆఫీసులోనో పక్కింట్లోనో యూదులను చూస్తున్నవాళ్ళు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు అంతా ఒకేచోట రాసేస్తే మంచిదనిపించింది. మూడేళ్ళు హీబ్రూ చదివాను, పోయినేడాది యిడ్డిష్ మొదలుపెట్టాను. కాబట్టి నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోతూనే ఉంటుంది, అయినా అవతలి పక్క న్యాయం దాచను.

ఇది సంస్కృతం, తెలుగు లాంటి వ్యవహారమే కదా అని కొందరంటారు. పైకి అలాగే ఉంటుంది, ఒకటి గ్రంథాల భాష, ఇంకోటి ఇంటి భాష. కానీ మన దగ్గర ఎవరూ ఇళ్ళల్లో తెలుగు మాన్పించి చంటిపిల్లలతో సంస్కృతమే మాట్లాడేలా చేయలేదు. పాలస్తీనాకి చేరిన యూదుల ఇళ్ళల్లో యిడ్డిష్ మాన్పించి హీబ్రూతో అలాగే చేశారు, రెండు మూడు తరాల్లోనే చేశారు. ఈ తగువు బరువు తెలియాలంటే మొదట ఆ సంగతి మనసుకు ఎక్కాలి.

నాకు యిడ్డిష్ మీద ప్రేమ కలిగించింది ఒక చిన్న వాక్యం. "డి బొబె ఎస్ట్ చోల్న్‌ట్ అఫ్ షబెస్." నాయనమ్మ శబ్బత్ నాడు చోల్న్‌ట్ తింటుంది, అంతే. శబ్బత్ అంటే యూదుల శనివారపు విశ్రాంతి దినం, ఆ రోజు పొయ్యి వెలిగించకూడదు కాబట్టి శుక్రవారం పొద్దుగూకకముందే చిక్కుడు గింజలు, బార్లీ, బంగాళాదుంపలు, మాంసం ఒక కుండలో వేసి, తెల్లారేదాకా సన్నసెగ మీద వదిలేస్తారు, అదే చోల్న్‌ట్. ఇందులో బొబె అనేది స్లావిక్ భాషల మాట, ఎస్ట్ జర్మన్ నుంచి వచ్చింది, చోల్న్‌ట్ అనేది పాత ఫ్రెంచ్‌లో వేడికి సంబంధించిన మాట, షబెస్ హీబ్రూ. ఫ్రాన్స్ నుంచి రైన్ నది ఒడ్డుకి, అక్కడి నుంచి పోలండ్, ఉక్రెయిన్ ఊళ్ళకి వీళ్ళు నడిచి వచ్చిన దారి అంతా నాయనమ్మ భోజనంలోనే ఉంది. ఇంకో సంగతి, యిడ్డిష్‌లో పుస్తకానికి రెండు మాటలు. తోరా, తల్ముద్ లాంటి పవిత్ర గ్రంథమైతే సెయ్‌ఫర్, అది హీబ్రూ మాట. నవలో, లెక్కల పుస్తకమో అయితే బుఖ్, అది జర్మన్ వైపు మాట. అంటే హీబ్రూ ఎక్కడో బయట ఉండి యిడ్డిష్‌తో పోటీ పడేది కాదు, యిడ్డిష్ లోపలే, గౌరవంగా, తన చోట తాను ఉంది.

పాతకాలపు యూరప్ యూదులు హీబ్రూను లోషన్ కోయ్‌డెష్ అనేవాళ్ళు, అంటే పవిత్ర భాష. యిడ్డిష్‌ని మామె లోషన్ అనేవాళ్ళు, అమ్మ భాష. ఆ రెండో పేరు ముద్దుకి పెట్టింది మాత్రమే కాదు. మగపిల్లలు మూడు నాలుగేళ్ళకే బడికి వెళ్ళి హీబ్రూ అక్షరాలు దిద్దేవాళ్ళు, ఆడపిల్లల్లో చాలామందికి ఆ చదువు లేదు. వాళ్ళ ప్రార్థనలు, బైబిల్ కథలు యిడ్డిష్‌లోనే ఉండేవి. బిడ్డకు జ్వరమొస్తే, శుక్రవారం దీపం పెడితే చదువుకోవడానికి త్ఖినెస్ అనే చిన్న ప్రార్థనలు యిడ్డిష్‌లో అచ్చయ్యేవి. అందుకే నా దృష్టిలో ఈ తగువు తేల్చేది వ్యాకరణం కాదు, ప్రాచీనత కాదు, సాహిత్యం కూడా కాదు. (సాహిత్యంలో లెక్క సరిపోతుంది: హీబ్రూలో రాసిన అగ్నోన్‌కి 1966లో నోబెల్, యిడ్డిష్‌లో రాసిన బషెవిస్ సింగర్‌కి 1978లో నోబెల్.) చంటిబిడ్డను ఒళ్ళో వేసుకున్న తల్లి నోటికి ఏ భాష వస్తుంది, నాకు తేల్చేది అదొక్కటే.

ఆ కొలతతో హీబ్రూ వైపు చూస్తే మొదట గుర్తొచ్చేది హీబ్రూని మళ్ళీ మాట్లాడే భాష చేయాలని పూనుకున్న ఎలియెజెర్ బెన్ యెహూదా ఇల్లు. 1881లో ఆయన పాలస్తీనాకి వచ్చారు, 1882లో కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ చెవిన హీబ్రూ తప్ప మరో మాట పడకూడదని పట్టుబట్టారు. పొరుగు పిల్లలతో కలవనివ్వలేదు. పిల్లవాడికి నాలుగో ఏడు దాకా మాటలు రాలేదని చెబుతారు. ఒకరోజు తల్లి దెబోరా ఎవరూ లేరనుకుని బిడ్డకి రష్యన్‌లో జోలపాట పాడుతుంటే భర్త ఇంట్లోకి వచ్చి విని, కోపంతో ఊగిపోయారు. ఈ సంగతి ఆ కొడుకే పెద్దయ్యాక రాసుకున్నాడు. ఆమె 1891లో క్షయతో చనిపోయింది. ఆ జోలపాట దగ్గరికి వచ్చేసరికి నాకు ఎప్పుడూ గొంతు పట్టేస్తుంది.

అయినా ఆయన చేసింది చిన్న పని కాదు. నిఘంటువు అనే మాట కూడా లేని భాషలో మిలోన్ అనే మాట పుట్టించి, ఆ నిఘంటువు రాయడంలోనే జీవితం గడిపేశారు. బొమ్మకి బుబా, ఐస్‌క్రీమ్‌కి గ్లిదా, ఇలాంటివన్నీ పిల్లలు ఆడుకోవడానికీ తినడానికీ కావలసిన మాటలని గమనించండి. అమ్మని, నాన్నని పిలవడానికి ఇమా, అబా అనే మాటలు కూడా అరామిక్ నుంచి వచ్చినవే, ప్రవక్తల హీబ్రూలో ఉన్న ఎమ్, అవ్ ఇంట్లో పిలుపుకి కుదరలేదు. ఇంటి భాష కావాలంటే ఇంట్లోంచే మొదలుపెట్టాలని వాళ్ళకీ తెలుసు. ఆయన ఒక్కడి వల్ల అయిన పని కూడా కాదు, రిషోన్ లెత్సియోన్ లాంటి ఊళ్ళలో బడి పంతుళ్ళు, 1898లో అక్కడ పెట్టిన కిండర్‌గార్టెన్ టీచర్లు, అసలు పని వాళ్ళది. పిల్లలు బడిలో నేర్చుకుని ఇంటికొచ్చి అమ్మకి నేర్పారు. 1922 నాటికి, పాలస్తీనాని బ్రిటన్ పాలనకి అప్పగించిన మాండేట్ పత్రంలోనే హీబ్రూ అధికార భాషల్లో ఒకటి.

ఇక హీబ్రూ వైపు అసలైన వాదన, నేను కాదనలేనిది: యిడ్డిష్ యూదులందరిదీ కాదు. మా ఆఫీసులో ఇజ్రాయెల్ నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరి తాత ముత్తాతలది బాగ్దాద్. యిడ్డిష్ గురించి అడిగితే ఆయన చాలా మర్యాదగానే, అది మాది కాదండీ, పోలండ్ వాళ్ళది అన్నారు. వాళ్ళ ఇంట్లో అరబిక్ ఉండేది. యెమెన్, మొరాకో, బుఖారా, బాగ్దాద్, వార్సా, ఇన్ని చోట్ల నుంచి వచ్చినవాళ్ళు కలిసి ఒక బస్సెక్కితే కండక్టరుతో ఏ భాషలో మాట్లాడాలి? అందరి ప్రార్థన పుస్తకంలోనూ ఉన్నది హీబ్రూ ఒక్కటే. మన దేశంలోనే చూడండి, బెనె ఇజ్రాయెల్ వాళ్ళ ఇంటి భాష మరాఠీ, కొచ్చిన్ యూదుల్లో ఆడవాళ్ళు పాటలు మలయాళంలో పాడుకుని నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు. గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే కొన్ని పదుల కుటుంబాలున్నాయి, తాము ఇశ్రాయేలు సంతతి అని చెప్పుకునే తెలుగువాళ్ళు. 1991లో సినగాగ్ కట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, ప్రార్థనలో హీబ్రూ. వాళ్ళకి యిడ్డిష్ ఏమవుతుంది? ఏమీ కాదు. ఈ ఒక్క సంగతి దగ్గర యిడ్డిష్ పక్షం వాళ్ళ నోట మాట ఉండదు, నాకూ లేదు.

యిడ్డిష్ పక్షం అడిగింది కూడా నిజానికి ఎక్కువ కాదు. 1908లో చెర్నోవిట్జ్‌లో (ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది) పెద్ద సభ జరిగింది. పెట్టించింది నాథన్ బిర్న్‌బామ్, యూదులకి పాలస్తీనాలో సొంత దేశం కావాలనే ఉద్యమానికి జియోనిజం అనే మాట పుట్టించిందీ ఆయనే, ఆ ఉద్యమం నుంచి ఎప్పుడో దూరమైపోయారు. రచయిత పెరెట్జ్ వచ్చారు, కార్మిక పార్టీ అయిన బుండ్ తరఫున ఎస్తేర్ ఫ్రుమ్‌కిన్ వచ్చింది. యూదుల జాతీయ భాష యిడ్డిషే అని ఆమె పక్షం పట్టుబట్టింది. రోజుల తరబడి వాదించుకుని చివరికి తీర్మానం ఏమని చేశారంటే, యిడ్డిష్ యూదులకి ఒక జాతీయ భాష అని. "ఒక" అనే మాట దగ్గర ఆగిపోయారు, ఉంటే రెండూ ఉండనీ అన్నట్టు.

అవతలి పక్షం ఆ పాటి చోటు కూడా ఇవ్వలేదు. 1923లో టెల్ అవీవ్‌లో భాషా రక్షకుల దళం అని విద్యార్థులు మొదలుపెట్టారు, వీధిలో యిడ్డిష్ వినబడితే చాలు, హీబ్రూ మాట్లాడు అని మీదికొచ్చేవాళ్ళు. 1927లో హీబ్రూ విశ్వవిద్యాలయంలో యిడ్డిష్ పీఠం పెడతామంటే గోడల మీద పోస్టర్లు వెలిశాయి, ఆలోచన విరమించుకున్నారు, మళ్ళీ అది కుదిరింది 1951లో. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది 1945 నాటి సంగతి. యూదులను బంధించి ఉంచిన విల్నా ఘెట్టోలో నాజీల మీద పోరాడి బతికి బయటపడ్డ రోజ్కా కోర్చాక్ కార్మిక సంఘం సభలో తనవాళ్ళు ఎలా చనిపోయారో తన భాషలో, యిడ్డిష్‌లో చెప్పింది. ఆ తర్వాత మాట్లాడిన బెన్ గురియన్, తర్వాత ఇజ్రాయెల్ మొదటి ప్రధాని అయిన ఆయన, అది పరాయి భాష, చెవికి గరుగ్గా తగిలే భాష అన్నారు. నాజీలు చంపిన 60 లక్షల మందిలో దాదాపు 50 లక్షల మంది మాట్లాడింది ఆ భాషే. దాన్ని పరాయి అనడం నేను ఎంత ఆలోచించినా ఒప్పుకోలేను. దేశం వచ్చాక కూడా యిడ్డిష్ దినపత్రికకి రోజూ వేసుకునే అనుమతి ఇవ్వకపోతే, ఒకే పత్రికను రోజు మార్చి రోజు రెండు పేర్లతో వేసుకున్నారు.

సోవియట్ యూనియన్‌లో కథ తిరగబడింది. అక్కడ హీబ్రూని మతం భాష అని అణిచేశారు, యిడ్డిష్‌కి బడులు, పత్రికలు ఇచ్చారు. ఇస్తూనే ఒక పని చేశారు. యిడ్డిష్‌లో హీబ్రూ నుంచి వచ్చిన మాటలు వాటి పాత వర్ణక్రమంలోనే రాస్తారు, చూడగానే ఇది హీబ్రూ అని తెలుస్తుంది. సోవియట్ అధికారులు వాటినీ పలికినట్టే రాయాలన్నారు, మూలం కనబడకుండా. చివరికి ఆ యిడ్డిష్‌నీ మిగల్చలేదు. 1952 ఆగస్టు 12 రాత్రి 13 మందిని కాల్చి చంపారు, వాళ్ళలో పెరెట్జ్ మార్కిష్, దోవిద్ బెర్గెల్సన్ లాంటి యిడ్డిష్ కవులు, రచయితలు ఉన్నారు.

ఇవాళ యిడ్డిష్‌లో జోలపాట వినాలంటే ఎక్కడికి వెళ్ళాలి? బ్రూక్లిన్‌లో విలియమ్స్‌బర్గ్, లీ అవెన్యూ. నేను శుక్రవారం మధ్యాహ్నం పూట వెళ్ళాను. షాపుల బోర్డుల మీద హీబ్రూ అక్షరాలు చూసి, నాకొచ్చిన హీబ్రూతో చదవబోయాను, ఒక్కటీ అర్థం కాలేదు, ఎందుకంటే అవన్నీ యిడ్డిష్. బేకరీ ముందు ఒకావిడ, తోపుడుబండిలో ఒక బిడ్డ, చెయ్యి పట్టుకుని ఇద్దరు, మూడోవాడు రోడ్డు మీదికి పరిగెత్తబోతే "కుమ్ అహెర్!" అని ఒక్క కేక వేసింది, ఇటు రారా అని. ఆ కేక విన్నాక ఈ భాష చచ్చిపోయిందని ఎవరైనా అంటే నేను నమ్మను. వీళ్ళు హసీదులు, అంటే ఆచారాలు గట్టిగా పాటించే యూదులు, చెర్నోవిట్జ్ సభలకీ వీళ్ళకీ సంబంధం లేదు. పవిత్ర భాషని కూరగాయల బేరానికి వాడటం తప్పని నమ్మి యిడ్డిష్‌లో ఉండిపోయారు. భాష కోసం ఉద్యమాలు చేసినవాళ్ళ మనవలు ఇంగ్లీషులోకి వెళ్ళిపోతే, హీబ్రూ మీది భక్తి వల్ల వీళ్ళు యిడ్డిష్‌ని నిలబెట్టారు.

స్పెయిన్ మూలాలున్న యూదుల లదీనో, అరబ్ దేశాల యూదుల యూదు అరబిక్, వీటి గురించి కూడా అడుగుతుంటారు. అందమైన భాషలే, కానీ ఇంట్లో పిల్లలతో మాట్లాడేవాళ్ళు చాలా తగ్గిపోయారు, నేర్పేవాళ్ళు దొరకడమూ కష్టమే. అమెరికా యూదులకి ఇంగ్లీషే చాలదా అంటే చాలామందికి చాలుతోంది, అది వేరే చర్చ.

మరి ఏది నేర్చుకోవాలి? బైబిల్ కోసమైతే హీబ్రూ, అందులోనూ బైబిల్ హీబ్రూ వ్యాకరణం విడిగా పట్టుకోండి, టెల్ అవీవ్ మాటలు నేర్పే యాప్‌తో యెషయా గ్రంథం అర్థం కాదు. ఇజ్రాయెల్ వెళ్ళే పనుంటే మళ్ళీ హీబ్రూనే. యూదులందరినీ కలిపే భాష ఏదంటే అదీ హీబ్రూనే, సందేహం లేదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, టెల్ అవీవ్‌లో ఇవాళ పుట్టే బిడ్డకి హీబ్రూయే అమ్మ భాష, నాలుగు తరాలుగా అక్కడ జోలపాటలు హీబ్రూలోనే, ఆ ఇంటి వరకూ నా కొలత ప్రకారమే హీబ్రూ గెలిచింది. కానీ యూరప్ యూదులు వెయ్యేళ్ళు ఎలా బతికారు, ఏం తిన్నారు, దేనికి నవ్వారు, బిడ్డని ఏమని పిలిచారు అని తెలుసుకోవాలంటే యిడ్డిష్ తప్ప దారి లేదు, పైగా దాని లోపల హీబ్రూ కూడా దొరుకుతుంది. నేను యిడ్డిష్‌ని ఎంచుకున్నది అందుకే.

ఆఫీసులో ఇద్దరున్నారన్నాను కదా, రెండో ఆవిడది టెల్ అవీవ్, అమ్మమ్మ తాతయ్య పోలండ్ నుంచి వచ్చినవాళ్ళు. పిల్లలకి అర్థం కాకూడని విషయాలకి మాత్రమే వాళ్ళిద్దరూ యిడ్డిష్ వాడేవాళ్ళట, ఆమెకి ఒక్క ముక్క నేర్పలేదు. అమ్మమ్మ తనని "ఓయ్‌త్సెర్ల్" అని పిలిచేదని, అర్థం ఎప్పుడూ అడగలేదని, అడుగుదామనుకునేసరికి ఆవిడ పోయిందని ఒకరోజు చెప్పింది. నేను ఆ మాటని హీబ్రూ అక్షరాల్లో, యిడ్డిష్‌లో రాసే పద్ధతిలో, కాగితం మీద రాశాను. అలెఫ్, వావ్, త్సాదీ, రేష్, చివర ముద్దు కోసం ఒక లామెద్. ఆమె కాసేపు చూసి, ఆ చివరి అక్షరం మీద బొటనవేలు పెట్టి మూసి, తన హీబ్రూలో పైకి చదివింది: ఒత్సార్. నిధి. ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది.