గుల్‌మర్గ్: ఎండ కాసిన రోజు పైకి వెళ్లలేదు

ఫిబ్రవరిలో స్కీయింగ్ కోసం కశ్మీర్‌లోని గుల్‌మర్గ్ వెళ్లేవారు గది ఎలా ఉందన్నదానికన్నా ఎక్కడుందో ముందు చూసుకోవాలి. మేము మొదట కింద తంగ్‌మర్గ్‌లో దిగాం. శుభ్రమైన గది, వేడినీళ్లకు లోటు లేదు. మంచు మొదలయ్యాక మాత్రం 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు సగం పూట మింగేసింది. చక్రాలకు గొలుసులు కట్టిన బండి దొరికితేనే ప్రయాణం. మూడో రోజు గొండోలాకు, అంటే కొండపైకి తీసుకెళ్లే రోప్‌వేకు, నడిచి వెళ్లేంత దూరంలోని హోటలుకు మారాం. అక్కడ అర్ధరాత్రి గదిని వేడిచేసే బుఖారీ పొయ్యిలో కట్టెలు అయిపోతే పలికే నాథుడు లేడు. అయినా మళ్లీ వెళితే అక్కడే దిగుతాను.

రెండు రాత్రులు ఎడతెరిపి లేకుండా కురిసి, తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టు ఉంది. గొండోలా రెండో దశ, అఫర్వత్ పర్వతం మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేర్చేది, మంచుచరియల భయంతో మూసేశారు. ఇంత ఎండలో భయమేమిటని వరుసలో అందరితో పాటు నేనూ గొణిగాను.

మా గైడు వాదించలేదు. మొదటి దశ చివర కోంగ్‌డూరి దగ్గర చిన్న వాలు మీద, మంచు పొరలు చూపించడానికి, నడుము లోతు గొయ్యి తవ్వారు. పైన గాలి తెచ్చి అదిమిన గట్టి మంచు, దాని కింద పంచదారలా రాలిపోయే పొర. ఒక దిమ్మెను విడిగా కోసి, దానిపై పార ఆనించి అరచేత్తో తట్టారు. పన్నెండో దెబ్బకు పై భాగం పలకలా జారి ఆయన మోకాళ్ల మీద పడింది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద, కురిసి ఆగిన మొదటి రోజున, ఆ పలక కదలడానికి ఒక మనిషి బరువు చాలట. 2023 ఫిబ్రవరిలో ఇదే అఫర్వత్ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు మంచుచరియల కింద చనిపోయారు.

సామాను అద్దెకిచ్చిన దుకాణం మీద మాత్రం నాకు కోపమే. వాళ్లిచ్చిన ట్రాన్స్‌సీవర్లలో (మంచు కింద ఉన్నవారి జాడ సంకేతాలతో తెలిపే, ఒంటికి కట్టుకునే పరికరాలు) ఒకదానికి బ్యాటరీ అడుగంటింది. అది గైడు కంటపడింది కాబట్టి సరిపోయింది. మంచులో కూరుకుపోయినవారికి మొదటి పావుగంటే ప్రాణం; వెతికేది ఆ పరికరంతోనే. బ్యాటరీలు వెంట తీసుకెళ్లండి.

మర్నాడు మధ్యాహ్నం రెండో దశ తెరిచారు. గస్తీ ఉన్న వాలు దాటడానికి గైడు ఒప్పుకోలేదు. ఆ హద్దు తాడుకు అవతల ఎవరో దిగిన స్కీ జాడలు రెండు కనిపించాయి. మేము ఇవతలి నుంచే దిగాం.