గోదావరిఖనిలో మా ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్: 5కి 4

బొగ్గుబాయి జీతం తిన్నోడివి, నీకు సోలార్ ఎందుకని మా వాడకట్టులో నవ్వారు. మా ఊళ్లో బొగ్గుకు కరువు లేదు, ఎండకూ లేదు. రెండూ వాడుకుంటే తప్పేంటి?

పీఎం సూర్యఘర్ (ఇంటి మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) కింద పెట్టించాను. మొత్తం 1,95,000 అయింది, అందులో 78,000 సబ్సిడీ నా అకౌంట్లో పడింది. ప్యానెళ్లు మన దేశంలో తయారైనవైతేనే సబ్సిడీ వస్తుంది, బిల్లులో ఆ మాట చూసుకోండి. ఎండాకాలంలో నెలకు 350 యూనిట్లు దాటుతోంది. ఫ్రేము ఎత్తుగా కట్టించాను కాబట్టి కింద మిరపకాయలు ఎండబెట్టుకుంటున్నాం. ఒక మార్కు కోసింది నెట్ మీటర్ (మనం లైన్‌కు పంపిన కరెంటునూ, తీసుకున్న కరెంటునూ లెక్కేసే మీటర్) కోసమే. దరఖాస్తు పెట్టాక నెల దాటింది, ఈలోపు ఏజెన్సీ వాళ్లు ఫోన్ ఎత్తితే ఒట్టు.

పని చేసిన పిల్లలకు మాత్రం పదికి పది. ముగ్గురు వచ్చారు. ఒకడు సూర్యమిత్ర అని సోలార్ పనికి సర్కారు ఇచ్చే ట్రైనింగ్ చేశాడు, వైరింగ్ చూస్తే తెలుస్తుంది. మిగతా ఇద్దరూ రోజుకూలీలు. ఎవరికీ సేఫ్టీ బెల్టు లేదు! బాయిలో టోపీ, బూట్లు లేకుండా కిందికి దించే కేజ్ (లిఫ్టు) ఎక్కనిచ్చేవాళ్లు కాదు మమ్మల్ని. నేనే తాడు తెచ్చి నడుముకు కట్టించాను. "ఏం కాదు కాకా" అంటారు. మాకు మస్టర్ (హాజరు) పడితే వెనకాల పీఎఫ్ ఉండేది, ఏరియా హాస్పిటల్ ఉండేది. వీళ్లకు పని అయిపోతే ఇంకో ఇల్లు వెతుక్కోవడమే.

ఈ పథకంతో దేశంలో 17 లక్షల ఉద్యోగాలు వస్తాయని కేంద్రం అంచనా వేసింది. మా ఇంటి మీద పుట్టింది ముగ్గురికి రెండు రోజుల పని. సోలార్ మన పొట్ట కొడుతుందని పాత దోస్తులు అంటారు గానీ, 90ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు 40 వేల దగ్గరికి వచ్చింది ఓపెన్‌కాస్టుల (పైనుంచి తవ్వే గనుల) వల్ల, యంత్రాల వల్ల. అప్పుడు పొగ గురించి ఎవరూ మాట్లాడలేదు. రేపు పొగ తగ్గించాలని బొగ్గు తగ్గిస్తే ఆ మిగిలిన ఉద్యోగాలూ కరుగుతాయి. వాటి బదులు సోలార్‌లో అన్ని దొరుకుతాయా అంటే అనుమానమే. రామగుండం ఎన్టీపీసీ చెరువు మీద తేలే 100 మెగావాట్ల ప్లాంటు 2022 నుంచి నడుస్తోంది. ప్యానెళ్లు బిగించేటప్పుడే మనుషుల పని, ఆ తర్వాత కాపలా, కడగడం తప్ప పెద్దగా ఏముంటుంది?

మీరు పెట్టించుకుంటే అడ్వాన్స్ ఇచ్చే ముందు పనివాళ్లకు బెల్టు, ఇన్సూరెన్స్ ఉన్నాయా అని అడగండి. మా ఏజెన్సీ అతన్ని అడిగితే, "ఎవరూ అడగరు సార్, అందరూ రేటే అడుగుతారు" అన్నాడు.